‘నా జీవితం నుంచి’: స్మెతనా రాసినవీ, రాయకుండా వదిలేసినవీ

మాటల్లేని సంగీతానికి ‘నా జీవితం నుంచి’ అని పేరు పెట్టడానికి కొంత తెగింపు కావాలి. నవలకి ఆ పేరు పెడితే ఎవరూ అడ్డు చెప్పరు. పాటకి పెట్టినా సాహిత్యం ఉంటుంది కాబట్టి సరిపోతుంది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసి అరగంట సేపు వాయించేదాంట్లో ఎవరి జీవితం ఉందని వినేవాళ్లు పోల్చుకోవాలి? 1876 చివరి మూడు నెలల్లో, బొహీమియాలో ఒక పల్లెలో కూర్చుని బెడ్రిఖ్ స్మెతనా ఈ పని చేశాడు. అప్పటికి ఆయనకి 52 ఏళ్లు. వినికిడి పూర్తిగా పోయి రెండేళ్లు దాటింది. చెక్ భాషలో ఆ రచన పేరు ‘జ్ మేహో జివోతా’. మొదట్లో ఉన్న ఆ ‘జ్’ అంటే ‘నుంచి’, లేదా ‘లోంచి’. కచేరీ కార్యక్రమాల్లో దీన్ని ‘స్ట్రింగ్ క్వార్టెట్ నంబర్ 1, ఇ మైనర్’ అని వేస్తారు.

దీని గురించి ఎక్కడ చదివినా ఒకే కథ కనిపిస్తుంది. నాలుగో భాగంలో హుషారుగా పరిగెడుతున్న సంగీతం ఉన్నట్టుండి ఆగిపోతుంది. మొదటి వయొలిన్ ఎక్కడో పైన ఒక సన్నటి స్వరం పట్టుకుని వదలదు. చెవుడు వచ్చే ముందు ఆయన చెవిలో మోగిన మోత అదే. కథ అబద్ధమేం కాదు, స్మెతనాయే స్వయంగా చెప్పాడు. కానీ ఈ కథ చెప్పేవాళ్లంతా క్వార్టెట్‌ని ఒక డైరీలాగా చదివేస్తారు. నా పేచీ అక్కడే. జీవితంలో జరిగినవాటిలో చాలా పెద్ద సంగతులు ఇందులో లేవు. ఉన్నవి కూడా జరిగినవి జరిగినట్టు లేవు. ‘నా జీవితం’ అనకుండా ‘నా జీవితం నుంచి’ అన్నాడంటే, ఆ ‘నుంచి’ని పట్టించుకోవాలి కదా.

ముందు ఆ జీవితం సంగతి చూద్దాం.

స్మెతనా 1824 మార్చి 2న లిటోమిష్ల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి బీరు కాచే వృత్తిలో ఉన్నవాడు. ఆ ప్రాంతమంతా అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉండేది. చదువుకున్నవాళ్ల భాష జర్మన్. చెక్ సంగీతానికి పితామహుడని తర్వాత్తర్వాత పేరు తెచ్చుకున్న ఈ మనిషి, చెక్ భాషలో తడుముకోకుండా రాయడం కోసం నలభై దగ్గర పడ్డాక కుస్తీ పట్టాడు. అప్పటిదాకా డైరీలూ ఉత్తరాలూ జర్మన్‌లోనే. (ఇంగ్లిష్ మీడియంలో చదువుకుని, పాతికేళ్లు దాటాక తెలుగు పుస్తకాలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టినవాళ్లకి ఈ అవస్థ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.)

1849లో చిన్ననాటి స్నేహితురాలు కాతెరీనాని పెళ్లి చేసుకున్నాడు. ఆమె కూడా పియానో వాయించేది. నలుగురు ఆడపిల్లలు పుట్టారు. 1854లో గాబ్రియేలా చనిపోయింది. 1855 సెప్టెంబరులో పెద్దపిల్ల బెడ్రిష్కా స్కార్లెట్ జ్వరంతో పోయింది, నాలుగున్నరేళ్లు. ఆ వయసుకే సంగీతం బాగా పట్టుబడుతున్న పిల్ల. 1856లో అందరికంటే చిన్నది, నెలల పిల్ల, పోయింది. రెండేళ్లలో ముగ్గురు. మిగిలింది జోఫియె ఒక్కతే. అదే సమయంలో భార్యకి క్షయ అని తేలింది. ప్రాగ్‌లో బతుకుతెరువు దొరక్క స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వెళ్లి, పాఠాలు చెప్పుకుంటూ, కచేరీలు నడుపుతూ కొన్నేళ్లున్నాడు. 1859లో జబ్బుపడ్డ భార్యని తీసుకుని ఇంటికి బయల్దేరితే, దారిలో డ్రెస్డెన్‌లో ఆమె చనిపోయింది.

మరుసటి ఏడు మళ్లీ పెళ్లి. 1861లో ప్రాగ్‌కి తిరిగి రావడం. 1866లో ‘బార్టర్డ్ బ్రైడ్’ ఆపెరా, అదే ఏడాది ప్రొవిజనల్ థియేటర్‌కి ముఖ్య కండక్టర్ పదవి. అక్కణ్ణుంచి ఎనిమిదేళ్లు ఒక పక్క గౌరవాలు, మరో పక్క దాడులు. ఈయన చెక్ పేరుతో జర్మన్ వాగ్నర్‌ని దిగుమతి చేస్తున్నాడని ప్రత్యర్థుల ఆరోపణ. 1868లో వచ్చిన ‘డాలిబోర్’ ఆపెరాని ఆ మాట మీదే తీసిపారేశారు. పదవిలోంచి దించాలని ప్రయత్నాలు కూడా జరిగాయి. అప్పటి ప్రాగ్ పత్రికల గొడవలు వివరంగా రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. పేర్లు మారుస్తే మన సాహిత్య వివాదాలకి పెద్ద తేడా ఉండదు కాబట్టి వదిలేస్తున్నాను.

1874 వేసవిలో గొంతుకి జబ్బు చేసింది, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. తర్వాత చెవులు దిమ్మెక్కడం మొదలైంది. పైస్థాయి స్వరాలు తప్పుగా వినపడేవి, లోపల ఏవేవో మోతలు. అక్టోబరులో ఒక చెవి పోయింది. అక్టోబరు 20న రెండోదీ పోయింది. కారణం సిఫిలిస్ అని వైద్య చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు, కాదనేవాళ్లూ ఉన్నారు. కండక్టర్ ఉద్యోగం ఎలాగూ చేయలేడు. ఆయన ఆపెరాలు వేసుకునే హక్కుకి బదులుగా ఏడాదికి 1,200 గుల్డెన్లు ఇచ్చేలా థియేటర్‌తో ఒప్పందం కుదిరింది. అవి సరిగ్గా అందేవి కావు. ప్రాగ్‌లో ఇల్లు నడవక, 1876లో కాపురం యాబ్కెనిట్సె అనే పల్లెకి మార్చాడు. కూతురు జోఫియె భర్త అక్కడ అటవీ అధికారి. క్వార్టెట్ ఆ అడవి ఇంట్లో రాసిందే. డిసెంబరు 29న ముగించాడు.

ఆర్కెస్ట్రాకి రాయడంలో చెయ్యి తిరిగినవాడు నాలుగు వాద్యాలకి దిగడానికి కారణం ఉంది. ఒక చిన్న స్నేహబృందం కూర్చుని, తనని బాధపెడుతున్నదేమిటో తమలో తాము మాట్లాడుకుంటున్నట్టు ఉండాలని అనుకున్నానని స్మెతనా తర్వాత మిత్రుడు యోసెఫ్ సర్బ్-డెబర్నోవ్‌కి 1878 ఏప్రిల్‌లో రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఏ భాగంలో ఏముందో కూడా ఆ ఉత్తరంలోనే వివరించాడు.

మొదటి భాగం ఒక దెబ్బతో మొదలవుతుంది. అందరూ కలిసి ఇ మైనర్ తీగల్ని ఒక్కసారి గట్టిగా లాగుతారు. ఆ వెంటనే వయోలా ఒంటరిగా పాట ఎత్తుకుంటుంది. క్వార్టెట్‌లో వయోలా అంటే సాధారణంగా మధ్యలో కూర్చుని సర్దుకుపోయే వాద్యం. పెళ్లింట్లో పని అంతా చేసి, ఫొటోలో కనపడని పిన్నిలాంటిది. స్మెతనా తన జీవితకథ చెప్పడం దానికి అప్పగించాడు. ఆ బొంగురు గొంతులో యౌవనపు ఆశ ఉంది, ఆ ఆశకి కారణం ఇదీ అని చెప్పలేని తపన ఉంది, ముందేదో చెడు జరగబోతోందన్న హెచ్చరికా ఉంది. ఇవన్నీ నేను కల్పించి చెప్పడం లేదు, ఉత్తరంలో ఆయన ఇచ్చిన వివరణ సారాంశమే.

రెండో భాగం పోల్కా. కుర్రతనంలో స్మెతనా డాన్సంటే పడిచచ్చేవాడు, డాన్సు ట్యూన్లు కుప్పలుగా రాశాడు. ఈ భాగం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, వినాలంతే. మధ్యలో పెద్దింటివాళ్ల హాల్లో జరిగే డాన్సులాంటిది ఒకటి నెమ్మదిగా వచ్చిపోతుంది. మొదట్లో వాయించినవాళ్లు ఆ మధ్య భాగాన్ని చూసే హడలిపోయారట.

మూడోది తొలిప్రేమ. చెల్లో ఒక్కటే మొదలుపెడుతుంది. తర్వాత తన భార్య అయిన అమ్మాయిని ప్రేమించిన రోజుల సంతోషం ఇది అని స్మెతనా చెప్పుకున్నాడు. కాతెరీనా చనిపోయి అప్పటికి 17 ఏళ్లు. భాగమంతా విన్నా చావు పేరు చెప్పుకుని ఏడ్చినట్టు ఎక్కడా ఉండదు. కానీ పూర్తిగా సంతోషం అని కూడా నేను అనలేను. మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు పూడుకుపోయి ఆగి, మళ్లీ మొదలుపెట్టే మనిషి ఉంటాడు చూడండి, అలా సాగుతుంది.

ఇక నాలుగోది. చెక్ జానపద లయల్ని తన సంగీతంలోకి ఎలా తీసుకోవాలో దారి దొరికిన ఆనందం ఇది. పని ముందుకు సాగుతున్నవాడి హుషారు. వాక్యం పూర్తయ్యేలోపు ఇంకో వాక్యం తోసుకొస్తున్నట్టు ఉంటుంది. ఆ ఊపులోనే, ఏ సూచనా లేకుండా, గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. కింద వాద్యాలు కమానుల్ని గబగబా వణికిస్తూ చీకటిగా ఏదో అంటుంటాయి. పైన మొదటి వయొలిన్ ‘ఇ’ స్వరాన్ని అందుకోగలిగినంత ఎత్తులో పట్టుకుంటుంది. కొన్ని సెకన్లే. ఆ తర్వాత మొదటి భాగంలో వయోలా పాడిన ముక్క జ్ఞాపకంలాగా తిరిగొస్తుంది. కాస్త వెలుగు కనిపించినట్టే కనిపించి తగ్గుతుంది. చివరికి కమాను పక్కన పెట్టి, వేళ్లతో మీటుతూ, వినీ వినపడనట్టు ముగిస్తారు. స్వరాలన్నీ మేజర్‌లోనే ఉంటాయి, అంటే పాఠ్యపుస్తకం ప్రకారం సంతోషంగా ముగిసినట్టే. విన్నవాళ్లెవరూ అలా అనరు.

ఇప్పుడు మొదట చెప్పిన పేచీ దగ్గరికి వస్తాను.

స్మెతనా చెవిలో నిజంగా మోగింది ‘ఇ’ కాదు. తనని వేధించిన మోత, సాయంత్రాలు వచ్చేది, ఏ ఫ్లాట్ మేజర్‌లో పైస్థాయి స్వరాల గుంపు అని ఆయనే వేరేచోట చెప్పాడు. పిల్లనగ్రోవిలో కీచుగా ఊదినట్టు మూడు స్వరాలు కలిసి. చెవిలో ఏ స్వరం మోగుతోందో గుర్తుపట్టలేని మనిషి కాదు ఆయన. తెలిసే మార్చాడు. మూడు స్వరాలు తీసేసి ఒకటి ఉంచాడు, ఏ ఫ్లాట్ తీసేసి ఇ పెట్టాడు.

ఎందుకు? నాకు తోచిన జవాబు మన సంగీతం పరిభాషలో చెప్పడం తేలిక. ఈ క్వార్టెట్ మొత్తానికి ‘ఇ’ ఆధార షడ్జం. మొదటి దెబ్బ దాని మీదే పడింది, చివరి మీటూ దాని మీదే ఆగుతుంది. మన కచేరీల్లో తంబురా మీద షడ్జం ఎడతెగకుండా మోగుతూనే ఉంటుంది. గాయకుడు ఎంత దూరం పోయినా తిరిగొచ్చి వాలే చోటు అది. దాన్ని మనం ధైర్యంగా వింటాం. స్మెతనా ఆ ధైర్యాన్నే తిరగేశాడు. తిరిగి రావలసిన ఇంటి స్వరమే రెండు మూడు స్థాయిలు పైకి పోయి, సూదిలాగా గుచ్చుతుంది. ఏ ఫ్లాట్ గుంపుని ఉన్నదున్నట్టు పెట్టి ఉంటే, బయటనుంచి వచ్చిపడ్డ ప్రమాదంలా వినిపించేది. ‘ఇ’ పెట్టడం వల్ల ఆ ప్రమాదం మొదటి నుంచీ ఇంట్లోనే ఉందని తెలుస్తుంది. మొదటి భాగంలో ఆయన హెచ్చరిక అన్నది అప్పుడు గాని అర్థం కాదు. ఇంకో చిన్న సంగతి: తొలిప్రేమ గురించిన మూడో భాగం ఏ ఫ్లాట్ మేజర్‌లోనే ఉంది. కాకతాళీయం కావచ్చు, నేను దీనిమీద మేడలు కట్టను. కానీ రోజూ సాయంత్రం ఏ కీలో తనకి నరకం వినిపించేదో ఆ కీలోనే కాతెరీనాని తలుచుకున్నాడని తెలిశాక, ఆ భాగాన్ని ఇదివరకటిలా వినడం నావల్ల కాలేదు.

అయితే మార్చినదానికంటే వదిలేసింది నన్ను ఎక్కువ పట్టి ఉంచింది.

ముగ్గురు పిల్లల చావు ఈ క్వార్టెట్‌లో లేదు. ‘నా జీవితం నుంచి’ అని రాస్తూ అది వదిలేయడం మామూలు సంగతి కాదు. దానికి ఒక కారణం కనిపిస్తుంది: అది అప్పటికే రాసేశాడు. 1855లో బెడ్రిష్కా పోయిన కొన్ని వారాల్లోనే పియానో, వయొలిన్, చెల్లోలకి జి మైనర్‌లో ఒక ట్రియో రాశాడు. డిసెంబరులో ప్రాగ్‌లో తనే పియానో దగ్గర కూర్చుని వాయించాడు. విమర్శకులు పెదవి విరిచారు. మరుసటి ఏడు ఫ్రాన్స్ లిస్ట్ వచ్చి విని మెచ్చుకోవడం ఒక్కటే ఆయనకి మిగిలిన ఓదార్పు. ఆ ట్రియో వయొలిన్ ఒంటరిగా, లావు తీగ మీద, మెట్టుమెట్టుగా కిందికి దిగుతూ మొదలవుతుంది. దాని ముందు ఏ వివరణా అక్కర్లేదు.

ట్రియో చరిత్రలోనూ ఒక మెలిక ఉంది. దాని చివరి భాగంలోని సరుకు 1855లో పుట్టింది కాదు. 1846లో, విద్యార్థిగా రాసిన పియానో సొనాటా నుంచి తీసుకున్నది. అంటే బెడ్రిష్కా పుట్టడానికి అయిదేళ్ల ముందే ఉన్న సంగీతం, ఆ పిల్ల స్మారకంలోకి వచ్చి చేరింది. గుర్రం దౌడు తీస్తున్నట్టుండే ఆ పాత లయ మధ్యలో కొత్తగా ఒక శవయాత్ర నడక వచ్చి కలుస్తుంది. దుఃఖం వచ్చిన రోజున దుఃఖగీతం దానంతటది ఊరుతుందనుకునేవాళ్లకి ఇది కొంచెం చేదుగా ఉండొచ్చు. నాకు మాత్రం ఇందులో మోసమేమీ కనిపించదు. ఇంట్లో శవం లేచిన రోజున కూడా ఉన్న బియ్యంతోనే కదా వండేది.

రెండోది, అంతకంటే విచిత్రమైన మినహాయింపు. క్వార్టెట్‌లో చెవుడు తర్వాత ఏమీ లేదు. జ్ఞాపకం, కొంచెం ఆశ, నిశ్శబ్దం, అంతే. అసలు జీవితంలో ఏం జరిగిందో చూడండి. అక్టోబరు 20న రెండో చెవి పోయింది. నవంబరు 18న ‘విషెహ్రాద్’ ముగించాడు. రెండు రోజులు ఆగి, నవంబరు 20న ‘వ్ల్తావా’ మొదలుపెట్టి డిసెంబరు 8కి పూర్తి చేశాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసిన స్మెతనా రచన అదే, నది మీద రాసింది. చెవులు పోయిన ఏడువారాల్లోపు, 19 రోజుల్లో. మరుసటి ఏడు ఇంకో రెండు. ఆరు ముక్కల ‘మా వ్లస్త్’లో నాలుగు క్వార్టెట్‌కి ముందే సిద్ధం. అంతెందుకు, క్వార్టెట్ రాస్తున్న రోజుల్లోనే, 1876 నవంబరు 7న, ఆయన కొత్త ఆపెరా ‘హుబిచ్కా’ (అంటే ‘ముద్దు’) ప్రాగ్‌లో ప్రదర్శించారు. ఒక్క స్వరం వినకుండా రాసిన ఆపెరా. ఘనవిజయం. జనం ఆయన్ని మళ్లీ మళ్లీ వేదిక మీదికి పిలిచారు. ఆ చప్పట్లు ఆయనకి కనపడ్డాయి తప్ప వినపడలేదు.

ఇప్పటి మోటివేషన్ ఉపన్యాసాలకి ఇంతకంటే ఏం కావాలి? దెబ్బ, పట్టుదల, గెలుపు, మూడూ వరసగా ఉన్నాయి. బీథోవెన్ ఐదో సింఫనీ నుంచి యూరప్‌కి ఆ అచ్చు అలవాటే కూడా: మైనర్‌లో మొదలై మేజర్‌లో బాకాలతో ముగియడం, చీకటి నుంచి వెలుగులోకి. స్మెతనా చేతిలో నిజమైన గెలుపు ఉంది, దాన్ని క్వార్టెట్‌లో పెట్టుకోలేదు. ప్రగతినంతా దెబ్బకి ముందు పెట్టాడు. దెబ్బ తర్వాత ఏమొచ్చిందో చెప్పలేదు.

అబద్ధం ఆడాడా? నాకలా అనిపించదు. పనిలో వచ్చే గెలుపు వేరు, ఒంటికి తగిలిన దెబ్బ వేరు. ‘వ్ల్తావా’ రాయడం వల్ల చెవులు తిరిగి రాలేదు, లోపల జలపాతంలా హోరు ఆగలేదు. రెండింటినీ ఒకే గీత మీద పెట్టి, ఒకటి ఇంకోదానికి పరిహారం అన్నట్టు చూపించడం మనకి అలవాటైన కథ. బయటనుంచి చూసేవాళ్లకి ఆ కథ హాయిగా ఉంటుంది. నలుగురు స్నేహితులు కూర్చుని మాట్లాడుకునే చోట ఆ అవసరం లేదు. దేశానికి చెప్పవలసిన గెలుపు నిండు ఆర్కెస్ట్రాలో చెప్పాడు. ఇక్కడ చెప్పింది వేరే సంగతి.

స్నేహితులకి చెప్పినదాన్ని మొదట సంఘం ఒప్పుకోలేదు. ప్రాగ్‌లోని చేంబర్ సంగీత సంఘం దీన్ని వాయించడం కుదరదని పక్కన పెట్టింది. మరీ కష్టంగా ఉందని, క్వార్టెట్ లాగా లేదని, ఆర్కెస్ట్రాకి రాసినట్టుందని. చివరికి 1878లో సర్బ్-డెబర్నోవ్ ఇంట్లో కొద్దిమంది ముందు వాయించారు. వయోలా పట్టుకున్నది ఆంటొనిన్ ద్వోర్జాక్. అప్పటికింకా ప్రపంచానికి పెద్దగా తెలియనివాడు. ప్రొవిజనల్ థియేటర్ ఆర్కెస్ట్రాలో స్మెతనా కర్ర కిందే ఏళ్ల తరబడి వయోలా వాయించినవాడు. తన పాత కండక్టర్ జీవితకథలో మొదటి మాట పలికే అవకాశం అలా ఆయనకి దక్కింది. బహిరంగ కచేరీ 1879 మార్చి 29న జరిగింది.

ఉత్తరం లేకపోతే? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. మన సంప్రదాయంలో వీణ మీద వాయించినా, వయొలిన్ మీద వాయించినా దాదాపు అంతా కృతులే. విననివాళ్లకి రాగం, తెలిసినవాళ్లకి లోపల సాహిత్యం నడుస్తూనే ఉంటుంది. పైగా త్యాగరాజు ఏ కృతి ఏ కష్టంలో పాడాడో ఒక కథ తోడుగా వస్తుంది. మాట లేకుండా తీగలు మాత్రమే మాట్లాడుకోవడం మనలో చాలామందికి ఇళయరాజా 1986లో తెచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ క్యాసెట్‌తోనే పరిచయం. దాని పేరే చూడండి, పేరు పెట్టడం ఎలా అని. కాబట్టి ‘ఈ స్వరం నా చెవుడు’ అని ఉత్తరం రాసి చెబితే తప్ప తెలియని సంగీతం మనకి అనుమానంగానే ఉంటుంది.

ఈ కథేదీ చెప్పకుండా ఒక స్నేహితుడికి నాలుగో భాగం వినిపించాను. సంగీతం నేర్చుకున్నవాడు కాదు. ‘ఇ’ వచ్చినచోట ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, ఏదో కీచుమంటోంది, రికార్డింగ్‌లో తేడా ఉందా అని అడిగాడు. ఇంతకంటే సరైన విమర్శ నేనెక్కడా చదవలేదు. చెవుడు అని వాడికి తెలియదు. కానీ ఇది సంగీతంలో భాగం కాదు, వినే యంత్రంలోనే ఏదో పాడైంది అని మాత్రం క్షణంలో తెలిసిపోయింది. స్మెతనాకి 1874లో కలిగిన అనుమానం కూడా సరిగ్గా అదే కదా.

ఉత్తరం దొరక్కుండా బతికిన రచనలూ ఉన్నాయి. ఆల్బన్ బెర్గ్ 1925-26లో రాసిన ‘లిరిక్ సూట్’ని యాభై ఏళ్లపాటు లోకం లెక్కలు కట్టిన, పటిష్ఠమైన ఆధునిక సంగీతంగా వింది, మెచ్చుకుంది. 1977లో జార్జ్ పెర్ల్ అనే పరిశోధకుడు ఒక అచ్చు ప్రతిని బయటపెట్టాడు. బెర్గ్ రంగు సిరాలతో అందులో రాసుకున్న వివరాల ప్రకారం అదంతా హన్నా ఫుక్స్ అనే వివాహిత మీద రహస్య ప్రేమకథ. ఆ కథ తెలియక ముందు విన్నవాళ్లు తప్పుగా విన్నారా? వాళ్లకి పేరు తెలియదు, ఊపిరి ఆడకపోవడం మాత్రం తెలిసింది. స్మెతనా ఉత్తరం మనకి ఇచ్చేదీ పేర్లే. అంతకుమించి ఇవ్వగలిగింది ఆ వయోలా, ఆ ‘ఇ’.

దెబ్బ తర్వాత ఏముందో ఆయన అసలు రాయనేలేదని కాదు. 1882లో రెండో క్వార్టెట్ మొదలుపెట్టాడు, డి మైనర్‌లో. అప్పటికి మతి చెదిరే సూచనలు వచ్చాయి. పని చేయొద్దని డాక్టర్లు ఆంక్షలు పెట్టారు. ఒక్కసారి కూర్చుంటే కొద్దిసేపే రాయగలిగేవాడు, ఆ తర్వాత ఇందాక ఏం రాశాడో గుర్తుండేది కాదు. 1883 మార్చిలో ముగించాడు. మొదటిది ఎక్కడ ఆగిందో ఇది అక్కడ మొదలవుతుందని, వినికిడి పోయినవాడి తలలో సంగీతం ఎలా సుడి తిరుగుతుందో ఇందులో ఉందని చెప్పాడు. ఇరవై నిమిషాల లోపే అయిపోతుంది. ఒక ఆలోచన వస్తుంది, పూర్తవకముందే విరుగుతుంది, సంబంధం లేని ఇంకోటి వస్తుంది. ఒక పోల్కా మొదలై తడబడుతుంది. వయోలాకి ఈసారి కథ చెప్పే ఓపిక లేదు. 1884 జనవరి 3న మొదటిసారి వాయించినప్పుడు ప్రాగ్ శ్రోతలకి ఏమనాలో తోచలేదు. ఏప్రిల్‌లో స్మెతనాని పిచ్చాసుపత్రిలో చేర్చారు, మే 12న చనిపోయాడు.

రికార్డుల్లో ఈ రెండు క్వార్టెట్లనీ సాధారణంగా ఒకే డిస్కు మీద పక్కపక్కన వేస్తారు. మొదటిదాని చివర వేళ్లతో మీటిన ఆ స్వరాలు ఆగాక నాలుగైదు సెకన్లు ఖాళీ వస్తుంది, తర్వాత రెండోది మొదలవుతుంది. ‘మా వ్లస్త్’లో మిగిలిన రెండు ముక్కలు, రెండు ఆపెరాలు, పియానో మీద చెక్ నృత్యాలు రెండు సంపుటాలు, అన్నీ ఆ ఖాళీలో రాసినవే.